ధవళశృంగం హాజరు పట్టీ

ముక్కామల నరహరి దేవ్‌థాల్ వచ్చి నాలుగేళ్ళయింది. ఆ నాలుగేళ్ళలో హిమాలయాల గురించి అతను గట్టిగా తెలుసుకున్న విషయం ఒక్కటే: అక్కడ కొబ్బరినూనె గడ్డకడుతుంది.

సామర్లకోటలో పుట్టి, యాభయ్యేళ్ళ దాకా ఉక్కపోత తప్ప మరో వాతావరణం ఎరగని మనిషిని అఖిల దృశ్య ప్రాధికార సంస్థ వారు తీసుకెళ్ళి ఏడువేల అడుగుల ఎత్తున సూపర్‌వైజరుగా కూర్చోబెట్టారు. దేశంలో చూడదగ్గవన్నీ జనానికి సక్రమంగా కనబడుతున్నాయా లేదా అని చూడడం ఆ సంస్థ పని. దేవ్‌థాల్‌లో చూడదగ్గవి రెండు. ఒకటి పాత కొండరాజుల కోట. రెండోది, ఆ కోట గోడలోని రాతికిటికీ లోంచి కనిపించే మంచుకొండ. పూర్వం ఒక రాణి రోజూ పొద్దున్నే ఆ కిటికీ దగ్గర కూర్చుని కొండకు దణ్ణం పెట్టుకునేదట. సంస్థ కాగితాల్లో ఆ కొండ పేరు ధవళశృంగం. ఊళ్ళోవాళ్ళు మాత్రం ధోళీ దీదీ అంటారు. అంటే తెల్లక్క.

నరహరికి అక్కతో పేచీ ఏమీ లేదు. పేచీ అంతా అతని కుడిమోకాలితో. చలికి అది తెల్లారేసరికి తలుపు గడియలా బిగుసుకుపోయేది. అందుకని ఏటా జనవరిలో, సంస్థ వారి భీమిలి సముద్రతీర విభాగానికి బదిలీ చేయమని అర్జీ పెట్టుకునేవాడు. ఏటా మార్చిలో "పరిశీలనలో ఉన్నది" అని జవాబు వచ్చేది.

ఇలా ఉండగా ఒక జూలై నెలలో ఒక పెద్దమనిషి గారి బావమరిది సకుటుంబంగా దేవ్‌థాల్ వచ్చాడు. నాలుగు రోజులు ఉన్నాడు. నాలుగు రోజులూ కిటికీ లోంచి చూస్తే, కుండలో పాలు పోసి మూతపెట్టినట్టు తెల్లగా మబ్బే తప్ప మరేమీ లేదు. అయిదో రోజు వెళ్ళిపోతూ, ఫిర్యాదుల పుస్తకం అడిగి తీసుకుని ఇలా రాశాడు: "కొండ చూపిస్తామని బోర్డు పెట్టారు. కొండ లేదు. ఇది ప్రజలను మోసగించడం."

వారం తిరక్కుండా సంస్థ డైరెక్టరు త్రిఖా గారు ఢిల్లీ నుంచి ఫోను చేశారు.

"నరహరి గారూ, జూలై పన్నెండు నుంచి పదిహేను వరకు శిఖరం ఎందుకు కనబడలేదు?"

"మబ్బులండి."

"మబ్బులు ఎవరి పరిధిలోకి వస్తాయి?"

నరహరి ఆలోచించాడు. "ఆకాశం పరిధిలోకండి."

"మరి ఆకాశానికి సంబంధించిన శాఖతో మీరు ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపారా?"

"లేదండి."

"అదీ సంగతి," అన్నారు త్రిఖా గారు. ఆయన గొంతులో కోపం లేదు. రోగం ఎక్కడుందో దొరికిన వైద్యుడి తృప్తి ఉంది.

ఆగస్టు ఒకటి నుంచి దర్శన హామీ పథకం అమల్లోకి వచ్చింది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు వరకు ధవళశృంగం సందర్శకులకు విధిగా కనబడి తీరాలి. దాని కోసం నీలిరంగు అట్టతో ఒక పెద్ద పుస్తకం వచ్చింది, శిఖర హాజరు పట్టీ. కొండ పూర్తిగా కనబడితే 'హా' అని రాయాలి. కనబడకపోతే 'గై'. కొన మాత్రమే కనబడితే సగం పూట. పదింటి తర్వాత మబ్బు విడితే ఆలస్యం కింద ఎర్రసిరా.

నరహరి చెప్పిన పని చేసే మనిషి. గంటకోసారి శాలువా కప్పుకుని కిటికీ దగ్గరకు కుంటుకుంటూ వెళ్ళడం, చూడడం, వచ్చి రాయడం. ఆగస్టు నెల ముగిసేసరికి ధవళశృంగం ముప్పై ఒక్క రోజుల్లో మూడు రోజులు హాజరైంది. అయిదు సగం పూటలు. అవి కాక రెండు ఆలస్యాలు.

సంజాయిషీ కోరుతూ ఉత్తరం వచ్చింది. "సదరు శిఖరము పనివేళలయందు పదే పదే గైర్హాజరగుటకు గల కారణములను ఏడు దినములలోగా తెలియపరచవలెను." నరహరి వినయంగా "వర్షాకాలం" అని ఒక్క మాట రాసి పంపాడు. మళ్ళీ ఉత్తరం వచ్చింది. "వర్షఋతువు ప్రతి సంవత్సరము వచ్చుచున్నదని తెలిసియుండియు, తమరు ముందస్తు చర్యలు ఏల తీసుకొనలేదు?"

ఆ ఉత్తరం పట్టుకుని నరహరి కోట కాపలాదారు బచన్‌సింగ్ దగ్గరకు వెళ్ళాడు. బచన్‌సింగ్ ఆ ఊళ్ళోనే పుట్టినవాడు. అరవయ్యేళ్ళ మనిషి.

"మీ దీదీ వానాకాలంలో ఎందుకు కనబడదయ్యా?"

"అది ఆవిడ ఇష్టం బాబూజీ. మా తాత పెళ్ళికి వచ్చింది, మా నాన్న పెళ్ళికి వచ్చింది. నా పెళ్ళికి రాలేదు."

"వచ్చిందంటే?"

"కనబడిందని. నా పెళ్ళిరోజున మబ్బు. మా ఆవిడ ఇప్పటికీ ఆ మాట అంటుంది."

దీన్ని సంజాయిషీలో ఎలా రాయాలో నరహరికి తెలియలేదు.

సెప్టెంబరు మొదటి వారంలో శిఖర సమయపాలన సంఘం తనిఖీకి వచ్చింది. ముగ్గురు సభ్యులు. అతిథిగృహంలో రెండు రోజులు కంబళ్ళు కప్పుకుని, ఉల్లిపాయ పకోడీలు తింటూ, కొండ కోసం ఎదురుచూశారు. రెండో రోజు సాయంత్రం అయిదూ ఇరవై అయిదుకి మబ్బు విడింది. పడమటి ఎండ పడి కొండంతా గులాబీరంగు తిరిగింది. బచన్‌సింగ్ పరుగున వచ్చి తలుపు కొట్టాడు. సంఘాధ్యక్షులు కంబళితోనే బయటకు వచ్చి, ముందు కొండను చూసి, తర్వాత చేతి గడియారం చూసుకున్నారు.

"పనివేళలు అయిదింటితో ముగిశాయి. తర్వాత ఏం జరిగినా మన లెక్కలోకి రాదు."

"కాని బాగుంది కదండీ," అన్నాడు నరహరి.

"బాగుండడానికి ఈ నమూనాలో గడి లేదు," అని ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

సంఘం నివేదిక నలభై పేజీలు. సారాంశం ఇది: సహజ శిఖరముపై ఆధారపడుట పాలనా దృష్ట్యా క్షేమకరము కాదు, ప్రత్యామ్నాయ ఏర్పాటు అవసరము. పది రోజుల్లో లారీ వచ్చింది. అరవై అడుగుల పొడవు, నలభై అడుగుల ఎత్తు ఫ్లెక్సీ. రాణి కిటికీకి ఎదురుగా, లోయ అంచున ఇనప చట్రం పాతి దాన్ని బిగించారు.

చూస్తే అందులో ఉన్నది తెల్లటి మంచుకొండే. నీలాకాశం. కింద పచ్చగడ్డి, పసుపుపచ్చ పువ్వులు, ఒక చెక్క ఇల్లు, మెళ్ళో గంట కట్టుకున్న బలిసిన ఆవు. కంప్యూటరులో 'మంచుకొండ' అని వెతికితే మొదట దొరికిన బొమ్మ అది అని తర్వాత తెలిసింది. నరహరి భయపడుతూ డైరెక్టరు గారికి ఫోను చేశాడు.

"సార్, ఇది మన కొండ కాదేమోనండీ."

"మంచుందా?"

"ఉందండి."

"తెల్లగా ఉందా?"

"ఉందండి. కాని ఒక ఆవు కూడా ఉందండి."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "ఆవును అదనపు సౌకర్యంగా పరిగణించండి," అన్నారు త్రిఖా గారు.

ఆ రోజు నుంచి ధవళశృంగం ఒక్క పూట కూడా మానలేదు. వానొచ్చినా హాజరు. పొగమంచు ముసిరినా హాజరు. తొమ్మిదింటికి ముందే వచ్చి, అయిదు దాటాక కూడా ఉండేది. సందర్శకులు ఫ్లెక్సీ ముందు నిలబడి ఫొటోలు దిగారు. ఆవు ముందు దిగడానికి వరసలో నిలబడ్డారు. ఫిర్యాదుల పుస్తకం తెల్లగా మిగిలిపోయింది. త్రిఖా గారు స్వయంగా అభినందించి, "తొంభై రోజులు వరసగా నూటికి నూరు శాతం హాజరు చూపించండి. దేవ్‌థాల్‌ను ఆదర్శ దృశ్య కేంద్రంగా ప్రకటిస్తాం. తొంభయ్యో రోజున నేనే వచ్చి మీ భీమిలి ఫైలు మీద సంతకం చేస్తాను," అన్నారు.

భీమిలి అన్న మాట వినగానే నరహరికి ఫోన్‌లోంచి సముద్రపు హోరు వినిపించినట్టయింది. కుడిమోకాలు కూడా కాస్త సడలింది.

చిక్కంతా అక్టోబరులో వచ్చింది. వానలు వెనక్కి వెళ్ళిపోయాయి. ఆకాశం కడిగిన పళ్ళెంలా తేటపడింది. గోడ మీంచి చూస్తే, ఫ్లెక్సీకి ఎడమపక్కన, అసలు కొండ రోజూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కనబడడం మొదలుపెట్టింది.

మొదటి రోజే గొడవ. "రెండు కొండలున్నాయేంటి? మేం దేన్ని చూడాలి?" అన్నాడొకాయన. "ఎడమపక్క దాని కింద ఆవు లేదే?" అంది ఒకావిడ. "ఆవున్నదాంతో ఫొటో దిగాం. అది అసలుది కాదంటే ఊరుకోం," అన్నారు మరో కుటుంబం వాళ్ళు. నరహరి పైకి రాశాడు. మూడో రోజుకల్లా సర్క్యులర్ వచ్చింది.

"ఆమోదిత దృశ్యముతో ఏ విధముగను సరిపోలని శిఖరమొకటి సదరు ప్రాంగణము నుండి కనబడుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. దానిని అనధికార దృశ్యముగా పరిగణించి, సందర్శకుల చూపు దానిపై పడకుండునట్లు తగు ఏర్పాట్లు చేయవలెను."

తగు ఏర్పాట్లు అంటే, కట్టే భవనాలకు చుట్టూ కప్పుతారే, ఆ ఆకుపచ్చ గుడ్డ. కోట గోడ పొడవునా బొంగులు పాతి కట్టించారు. ముడులు వేస్తూ బచన్‌సింగ్ అన్నాడు, "నా చేతులతోనే దీదీకి పరదా కడుతున్నాను బాబూజీ."

"తొంభై రోజులేనయ్యా," అన్నాడు నరహరి నేలకేసి చూస్తూ.

ఎనభై ఎనిమిదో రోజున విజయనగరం వైపు నుంచి యాత్రికుల బస్సొకటి వచ్చింది. అందరూ దిగి ఆవు దగ్గరకు పరుగెత్తారు. చివరగా ఒక పెద్దావిడ దిగింది. చీర మీద రెండు స్వెట్టర్లు, నెత్తిన మంకీ క్యాపు, చేతిలో గుడ్డసంచీ. రాతికిటికీ దగ్గరకు వచ్చి, కళ్ళజోడు తుడుచుకుని, ఫ్లెక్సీని పైనుంచి కిందకి ఒకసారి చూసింది.

"ఇదేటి బాబూ?"

తెలుగు వినగానే నరహరికి ప్రాణం లేచొచ్చింది. "ధవళశృంగం అమ్మా."

"కాదు."

"మీరు ఇంతకు ముందు వచ్చారా?"

"రాలేదు. చూళ్ళేదు. కాని ముప్పైమూడేళ్ళు బోర్డు మీద గీసేను. దానికి రెండు భుజాలుంటాయి, నడుమ తలకాయి. ఇదేటి, ఒంటికొమ్ము! ఆ పువ్వులేటి, ఆ ఆవేటి? అయిదో తరగతి పిల్లడు ఇలాగ గీస్తే గుంజీలు తీయించీదాన్ని."

ఆవిడ పేరు పొట్నూరి వరహాలమ్మ. చీపురుపల్లి దగ్గర ఒక బడిలో సోషల్ టీచరుగా చేసి రిటైరైంది. ఏటా జూన్‌లో మొదటి పాఠం హిమాలయాలు. ఏటా ఎవరో ఒక పిల్ల లేచి, "టీచరుగారండీ, మీరు చూసేరా?" అని అడిగేది. "చూసి వచ్చేక చెప్తాను, కూర్చో," అనేది ఆవిడ. అలా అంటూ అంటూనే రిటైరైపోయింది.

"అసలుది ఎటు పక్కుంది బాబూ?" అని అడిగింది.

నరహరి ఆకుపచ్చ గుడ్డ వైపు చూడకుండా ఉండబోయి, చూసేశాడు. ఆవిడ అటు నడిచింది. గుడ్డకు ఎదురుగా ఉన్న రాతి అరుగు మీద కూర్చుంది.

"అమ్మా, అది అనధికార దృశ్యమండి. చూపించడానికి నాకు అధికారం లేదు."

"నీ ఉద్యోగం నువ్వు చూసుకో నాయనా. మా బస్సు ఎల్లుండి పదింటికి. అందాకా ఇక్కడే కూర్చుంటాను." సంచీ పక్కన పెట్టుకుని, "పోనీ, నువ్వు చూసేవు గదా? ఎలాగుంటాది?" అంది.

నరహరి నోరు తెరిచాడు. వేలసార్లు ఆ కిటికీ దాకా వెళ్ళి చూసిన మనిషి. 'హా', 'గై', 'సగం' అన్నీ వరసగా గుర్తొచ్చాయి. కొండ మాత్రం రాలేదు.

"తెల్లగా... ఉంటుందండి," అన్నాడు చివరికి.

వరహాలమ్మ అతని వైపు చూసింది. లెక్కలు చేయకుండా బడికొచ్చిన పిల్లవాణ్ణి చూసిన చూపు అది. తిట్టలేదు. అదే అతనికి ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాడు కూడా ఆవిడ పొద్దున్నే వచ్చి అక్కడే కూర్చుంది. మధ్యాహ్నం సంచీలోంచి జంతికలు తీసి తను తింది, బచన్‌సింగ్‌కి పెట్టింది, నరహరికి పెట్టింది. గాలికి గుడ్డ ఎగిరినప్పుడల్లా మెడ చాచేది. బచన్‌సింగ్ ముడులు అంత గట్టివి కనుక ఏమీ కనబడలేదు. నరహరి చేతిలో జంతిక ముక్కతోనే లోపలికి వెళ్ళి ఢిల్లీకి ఫోను చేశాడు.

"సార్, ఒక టీచరమ్మ గారు అసలు కొండ చూస్తానంటున్నారండి. ఒక్క అయిదు నిమిషాలు గుడ్డ తీస్తే..."

"అసలు కొండ అనగా ఏమి నరహరి గారూ? ఆమోదం పొందినదే అసలు. మిగిలినవన్నీ భౌగోళిక విషయాలు." త్రిఖా గారు అనునయంగా అన్నారు. "రేపు పదకొండింటికి ఆదర్శ కేంద్రం ప్రకటనకు ముఖ్య అతిథితో వస్తున్నాను. ఒక్క రోజు. మీ ఫైలు నా సంచీలో పెట్టుకున్నాను."

తొంభయ్యో రోజు పొద్దున ఏడింటికి నరహరి కోటకు వచ్చేసరికి బచన్‌సింగ్ గోడ దగ్గరే ఉన్నాడు. వరహాలమ్మ అరుగు మీద ఉంది. గడ్డి మీద మంచు పేరుకుంది. మోకాలు సలుపుతోంది. నరహరి గుడ్డ పొడవునా ఒకసారి నడిచి వచ్చాడు. తర్వాత గొంతు సవరించుకుని, "బచన్‌సింగ్, పనివేళలు ఎప్పటి నుంచి?" అన్నాడు.

"తొమ్మిది నుంచి బాబూజీ."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఎవరి వేళలూ కావు."

బచన్‌సింగ్ తాడు చివర ఒక్కసారి లాగాడు. ముడులన్నీ ముందే వదులు చేసి ఉంచినట్టున్నాడు, గుడ్డ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా జారి కిందపడింది.

నరహరి మొదటిసారి కలం లేకుండా నిలబడి చూశాడు. తెల్లగా లేదు. అది అతన్ని మొదట ఆశ్చర్యపరిచిన విషయం. ఎండ తగిలినచోట పసుపు. తగలనిచోట నీలం. పక్కటెముకల్లా గీతలు. కొన మీంచి మంచుపొడి సన్నగా లేస్తోంది, ఎవరో ఊపిరి వదిలినట్టు. అది చాలా దూరంలో ఉంది, అయినా ఎదురుగా వచ్చి నిలబడినట్టుంది. అతనికి ఎందుకో చెప్పులు విప్పాలనిపించింది. ఆ చలిలో ఆ పని చేయలేక చేతులు కట్టుకున్నాడు.

వరహాలమ్మ లేచి నిలబడింది. పెదాలు కదుపుతూ, వేలితో గాలిలో ఆ అంచు వెంబడి మెల్లగా గీసింది. ఒకచోట వేలు ఆగింది.

"ఎడం భుజం తప్పు గీసేను బాబూ," అంది. "ముప్పైమూడేళ్ళూ. ఇది కిందకి జారినట్టుంది చూడు. నేను కుడిపక్కలాగే గీసీసేను." కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది. "ముప్పైమూడు బ్యాచీలు. ఇప్పుడు ఎవరికని చెప్పీది?"

"దొరికినవాళ్ళకి చెప్పండమ్మా," అన్నాడు నరహరి.

ఆ సమయానికి రెండు బస్సుల జనం వచ్చారు. ఒకరి వెనకాల ఒకరు గోడ దగ్గరకు చేరారు. కాసేపటి దాకా ఎవరూ ఫొటోలు కూడా తీయలేదు. సరిగ్గా ఎనిమిదిన్నరకు కోట గుమ్మం ముందు తెల్లకారు ఆగింది. ముఖ్య అతిథి పెందలాడే లేచే అలవాటున్న ముసలాయన కావడంతో, త్రిఖా గారు అనుకున్న వేళకన్నా ముందే రావలసివచ్చింది. ఆయన నేరుగా ఫ్లెక్సీ ముందుకు వెళ్ళి, రిబ్బను కట్టించి, కత్తెర చేతబట్టుకుని, "మాన్య అతిథి మహోదయా," అంటూ వెనక్కి తిరిగారు. వెనక మహోదయుడు లేడు. గోడ దగ్గర జనంలో ఉన్నాడు. రిబ్బను రెండో కొస పట్టుకున్న డ్రైవరు కూడా అటే చూస్తున్నాడు.

త్రిఖా గారు కత్తెరతోనే అటు నడిచారు. ఆయనెవరో వరహాలమ్మకు తెలియదు. "అడ్డంగా నిలబడకు బాబూ, వెనకాల వాళ్ళకి కనబడదు. ఇలా రా," అని జబ్బ పట్టుకుని లాగి తన పక్కన నిలబెట్టుకుంది.

త్రిఖా గారు చూశారు. ఆయన ఆ సంస్థకు పదకొండేళ్ళుగా డైరెక్టరు. ఒక నిమిషం చూశారు. రెండు నిమిషాలు చూశారు. కత్తెర ఉన్న చెయ్యి కిందకి వాలింది. నోరు కొద్దిగా తెరుచుకుంది.

"బాగుంది," అన్నారు మెల్లగా. తర్వాత ఉలిక్కిపడి నరహరి వైపు తిరిగారు. "దీనికి అనుమతి ఎవరిచ్చారు?"

అప్పుడు ఆయన వైపు ఎవరూ చూడడం లేదు.

పదింటికి వరహాలమ్మ బస్సు వెళ్ళిపోయింది. ఆ తర్వాత పనులన్నీ పద్ధతి ప్రకారం జరిగాయి. ముఖ్య అతిథి తన ప్రసంగంలో కొండను పొగిడారు, పత్రికల్లో వచ్చింది. కాబట్టి సంస్థ వారు ధవళశృంగాన్ని ఆరు నెలల పాటు, తాత్కాలిక ప్రాతిపదికన, ఆమోదిత దృశ్యంగా గుర్తించారు. ప్రవర్తన తృప్తికరంగా ఉంటే పొడిగిస్తారు. ఫ్లెక్సీని ఆవుతో సహా, ఎండాకాలం ఎండిపోయే ఒక జలపాతం దగ్గరకు పంపారు.

నరహరి మీద విచారణ జరిగింది. సూపర్‌వైజరు ఒక అనధికార దృశ్యముపై మితిమీరిన మమకారము పెంచుకొనినట్లు రుజువైనది గనుక, అతనిని ఆ దృశ్యమునకు దూరముగా ఉంచుటయే తగిన శిక్ష అని త్రిఖా గారు తీర్మానించారు. కొండలు కనబడని చోటు కోసం దేశపటం తిరగేశారు. నరహరిని భీమిలికి బదిలీ చేశారు.

ఉత్తర్వు అందిన రోజున నరహరి దాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, బయటకు వచ్చాడు. మబ్బు. కొండ లేదు. లోపలికి వెళ్ళి వారం రోజులు సెలవు కావాలని అర్జీ రాశాడు. కారణం: కొండను చూచుట. సెలవు నిబంధనల్లో చూచుట అనే కారణం లేదని అర్జీ తిరిగొచ్చింది. మోకాలినొప్పి అని మళ్ళీ రాశాడు. వెంటనే మంజూరైంది.

ఆ మోకాలితోనే అయిదు రోజులు గోడ దగ్గర అరుగు మీద, కంబళి కప్పుకుని కూర్చున్నాడు. బచన్‌సింగ్ గ్లాసులు గ్లాసులుగా టీ తెచ్చేవాడు. అయిదు రోజులూ ఏమీ లేదు. ఆరో రోజు మధ్యాహ్నం నాలుగు నిమిషాల సేపు మబ్బు పక్కకు తప్పుకుంది. బచన్‌సింగ్ కింద టీ కాస్తున్నాడు. నరహరి అతన్ని పిలవడం మరిచిపోయి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత మళ్ళీ మూసుకుంది.

ఇప్పుడు నరహరి భీమిలిలో పనిచేస్తున్నాడు. మోకాలు నయమైంది. కొబ్బరినూనె సీసాలో చక్కగా కదులుతుంది. సాయంత్రాలు ఆఫీసు ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నప్పుడు కొత్తగా చేరిన గుమాస్తా ఒకసారి అడిగాడు, "అంత కాలం అక్కడున్నారు కదండీ, ఆ మంచుకొండ ఎలా ఉంటుందండీ?"

నరహరి వేలితో గాలిలో ఏదో గీస్తూ, ఎడమవైపు కొంచెం కిందకి జార్చాడు.

"చెప్పిన టైముకి మాత్రం రాదండీ," అన్నాడు. తమ వాళ్ళలో ఒకరి గొప్ప గుణం గురించి చెప్పుకుంటున్నట్టుగా అన్నాడు.